లచ్చమ్మ బాయికి నోటీసు

హైందవి మనసు వెన్న. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగిన గొడవంతా ఆ వెన్న కరగడం వల్లే వచ్చింది.

పిల్లది ముమ్మిడివరం. అమీర్‌పేటలో శాటిలైట్ ఫోటోలు చదవడం నేర్పే కోర్సొకటి చేసి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో కిటికీ పక్క మంచం దక్కించుకుని, సంక్రాంతి వెళ్ళాక పంజాగుట్టలో వీర్రాజుగారి కంపెనీలో చేరింది. చీరల షాపు మీద నాలుగో అంతస్తు. కిటికీ తెరిస్తే ఫ్లైఓవర్ హారన్లు, మూస్తే ఉక్క. వీర్రాజుగారిది కాకినాడ. నగరంలో పాత కట్టడాల జాబితా తయారుచేసే ఒక సర్కారు ఆఫీసుకి (పేరెందుకు లెండి) ఆయన కంపెనీ పని చేసిపెట్టేది. పదేళ్ళ కిందటి శాటిలైట్ ఫోటో, నిన్నటి ఫోటో పక్కపక్కన పెట్టి, ఏ గుమ్మటం కూలింది, ఏ కోట గోడని ఆనుకుని ఎవడు షెడ్డేశాడు అని పట్టుకోవడం పని. తేడా ఉన్నచోట మెషీను ఎర్రగీత గీస్తుంది. మెషీను గీసింది మనిషి మళ్ళీ చూడాలి.

"నీడ చూడండమ్మా, నీడ," అనేవారు వీర్రాజుగారు రోజుకి నాలుగుసార్లు. "పైనుంచి చూస్తే గోడా ఒకలాగే ఉంటుంది, గొయ్యీ ఒకలాగే ఉంటుంది. నీడ బయట పడితే గోడ, లోపల పడితే గొయ్యి." హైందవి ఆ ముక్కని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని చుట్టూ పూలు కూడా వేసుకుంది. పూలు వేసుకున్న పాఠం ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

జూన్ నెలలో ఒక ఎర్రగీత వచ్చింది. బల్కంపేట పక్క సందులో నాలుగు స్తంభాల రాతి మంటపం ఉంది. అది జాబితాలో ఉన్నదే. దాని పక్కన ఖాళీ జాగాలో కొత్తగా ఒక నల్లని చతురస్రం. "నల్ల కప్పు షెడ్డు, ఆక్రమణ కావచ్చు" అంది మెషీను. అలాంటి చోట్లకి బండేసుకుని వెళ్ళి కళ్ళతో చూసి రావడం పోచయ్య పని. పోచయ్యది ఆ బల్కంపేటే. ఫోనులో ఫారం నింపబోతే ఫోను బిగుసుకుపోయిందట. టిఫిన్ సెంటర్ బిల్లు వెనక రాసి, ఫోటో తీసి పంపి, మర్నాడు పొద్దున్నే మెదక్ దిక్కు కోటల పని మీద వెళ్ళిపోయాడు. బిల్లు వెనక ఇలా ఉంది:

"లచ్చమ్మ బాయి. వయసు రెండు నూర్ల పైన. ఎనిమిదేండ్ల కింద నోరు మూసిన్రు. గప్పటి సంది ఎవ్వరు పట్టించుకుంటలేరు. లోపల మంచిగుంది. ఆషాడంల బోనం పెడ్తరు."

ఇక్కడ తెలంగాణవాళ్ళు అప్పుడే నవ్వేస్తున్నారు, నాకు తెలుసు. బాయి అంటే బావి. అంతే సంగతి. కానీ మా హైందవికి బాయి అంటే ఆడవాళ్ళ పేర్ల చివర వచ్చే బాయి. బిల్లు ఫోటోలో ఆ ఆరు వాక్యాలూ చదివేసరికి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో లచ్చమ్మ బాయి అనే పండు ముసలావిడ. నోరెత్తకుండా చేశారు. ఎనిమిదేళ్ళుగా పలకరించే దిక్కు లేదు. ఏడాదికి ఒక్క ఆషాఢంలోనే ఇంత అన్నం పడేస్తున్నారు. అయినా పాపం, లోపల మంచిదే.

మరి ఆ రెండు వందల ఏళ్ళ మాటేమిటని అడుగుతారు. అది పోచయ్య అతిశయోక్తి అనుకుంది. ఎందుకైనా మంచిదని ఫారంలో కొట్టి చూస్తే నూట ఇరవై దాటితే ఒప్పుకోనంది. నూరు అని కొట్టింది. "నివాసి: లచ్చమ్మ బాయి, స్త్రీ, వయసు నూరు. నల్ల కప్పు షెడ్డులో ఒంటరిగా ఉంటున్నారు. మంచి మనిషి. మాట్లాడనివ్వడం లేదు." శాటిలైట్ ఫోటో మళ్ళీ చూసిందా? చూసింది. షెడ్డయితే బయట నీడ పడాలి కదా, ఆ నల్లటి చతురస్రానికి ఏ వైపూ నీడ లేదు. ఆ రోజు హైందవి నీడని చూడలేదు, లచ్చమ్మని చూస్తోంది. కింద తన పేరు పెట్టి పంపేసింది.

సర్కారు ఆఫీసులో వెన్న లేదు. షెడ్డు అనగానే వాళ్ళకి ఆక్రమణ ఒక్కటే కనపడింది. పది రోజుల్లో నోటీసు నకలు హైందవి బల్ల మీదకి వచ్చింది. లచ్చమ్మ బాయి అనే నివాసి శుక్రవారం స్వయంగా హాజరై వివరణ ఇవ్వాలట. లేకపోతే శనివారం షెడ్డు తొలగించి, అక్కడున్న గుంటలన్నీ మట్టితో నింపి, చదును చేసి, మంటపం చుట్టూ సిమెంటు వేస్తారట.

నూరేళ్ళ మనిషిని తన చేతులతో రోడ్డు మీదకి ఈడ్చినట్టయింది హైందవికి. మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. పోచయ్యకి ఫోను చేస్తే కోట గుట్టల్లో సిగ్నల్ లేదు. మంగళవారం సాయంత్రం ఆఫీసు వదలగానే అమీర్‌పేటలో దిగి, ఒక దుప్పటి, డజను మెత్తటి అరటిపళ్ళు, రబ్బరు చెప్పులు కొనుక్కుని బల్కంపేట సందులోకి నడిచింది. చెప్పులు సైజు తెలియక రెండు రకాలు కొంది.

సందు చివర గడప మీద ఒక పెద్దావిడ పుంటికూర తెంపుతోంది. ఆవిడ సత్తెమ్మ, మన పోచయ్య తల్లే. ఆ సంగతి హైందవికి తెలియదు.

"మామ్మగారూ, లచ్చమ్మగారు ఉండేది ఇక్కడేనా అండి?"

"ఈడనే ఉన్నది. ఇంకెక్కడ పోతది," అంది సత్తెమ్మ తల ఎత్తకుండా.

"ఒంట్లో ఎలా ఉందండి ఆవిడకి?"

సత్తెమ్మ అప్పుడు తలెత్తి ఈ పిల్లని కింది నుంచి మీది దాకా చూసింది. "లోపల మంచిగనే ఉన్నది బిడ్డా. మీదనే ఖరాబు చేసిన్రు."

"నోరు మూయించింది ఎవరండి?"

"ఇంకెవ్వరు, కాలనీవోల్లు. దోమలొస్తున్నయని."

దోమలొస్తాయని మనిషి నోరు మూసేస్తారా అని హైందవికి ఒళ్ళు మండింది. అయినా కోపం దిగమింగుకుని సంచి తెరిచింది. "ఇవి అరటిపళ్ళండి, మెత్తగా ఉంటాయి, పళ్ళు లేకపోయినా పరవాలేదు. ఇదేమో దుప్పటి. వానాకాలం కదా, కప్పుకుంటారని."

"ఇంకెన్ని కప్పుతరే? తాడిపత్రి కప్పిన్రు గద," అని సత్తెమ్మ కూర పక్కన పెట్టి లేచింది. "సర్కారోడు సుత మొన్న వచ్చి ఏందో కాగితం అతికించి పోయిండు. లచ్చమ్మకు ఇచ్చినట్టు సంతకం పెట్టుమన్నడు. లచ్చమ్మ సంతకం నేనెట్ల పెడ్త? ఏలిముద్ర వేసిన. రా, నువ్వు సుత చూద్దువు."

మంటపం వెనక, జానెడెత్తు రాతి గట్టు మధ్య, నల్ల టార్పాలిన్ (సత్తెమ్మ తాడిపత్రి అన్నది దీన్నే) పరిచి అంచుల మీద ఇటుకలు పెట్టి ఉంది. దాని మీద నోటీసు, నోటీసు మీద ఎండిన పసుపు. సత్తెమ్మ రెండు ఇటుకలు తీసి ఒక మూల ఎత్తింది. కింద ఇనుప చువ్వల జల్లెడ. దాని కింద నల్లటి మెట్లు, ఒకటి కింద ఒకటి, దిగిపోతూ ఉన్నాయి. చల్లగాలి మొహానికి కొట్టింది. ఇంత చీకట్లో ముసలి ప్రాణాన్ని పెట్టారా అనుకుంది హైందవి. మోకాళ్ళ మీద కూర్చుని, చువ్వలు పట్టుకుని, గట్టిగా పిలిచింది.

"లచ్చమ్మగారూ..."

"గారూ..." అంది లోపలి నుంచి.

"పలికారండీ," అంది హైందవి ఇటు తిరిగి.

సత్తెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బాయిని పట్టుకుని గారు అంటున్నవేంది బిడ్డా? బాయి పలుకుతది గాని పండ్లు తింటదా?"

హైందవికి మొదట సత్తెమ్మ మొహం కనపడింది, తర్వాత మెట్లు కనపడ్డాయి, తర్వాత అట్టడుగున నీళ్ళలో టార్పాలిన్ సందులోంచి పడ్డ ఆకాశం ముక్క కనపడింది. వీర్రాజుగారి మాట గుర్తొచ్చింది. గొయ్యి. శనివారం మట్టి పోసి నింపబోతున్న గుంట ఇదే. తానే రాసి పంపింది. అరటిపళ్ళ సంచి పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

మొత్తం విన్నాక సత్తెమ్మ ముందు నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, మంటపం స్తంభానికి ఒరిగి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. శనివారం మాట విన్నాక నవ్వు ఆగిపోయింది. "గీ జాగంత ఎన్కట పొలాలే. మా అత్త గీ నీళ్ళతోనే వరి పండిచ్చింది. లచ్చమ్మ అనే ముసలామె తవ్విచ్చిందంటరు, నేనైతే చూడలే. నేను కోడలై వచ్చిన సంది పెద్ద గుడికి పోయే ముందుగాల ఈడ బోనం పెట్టేపోత. మూసినంక సుత తాడిపత్రి మీదనే పెడ్తున్న. మన్ను పోస్తే ఇంక దేని మీద పెట్టాలె?"

"పొయ్యనివ్వనండి," అంది హైందవి. ఎలాగో దానికే తెలియదు. "ఈ బరకం ముందు తియ్యాలి."

"బరకమా? ఏంది గది?"

"ఇదేనండి. మా వైపు దీన్ని బరకం అంటారు."

"నీకు బాయి తెల్వదు, నాకు బరకం తెల్వదు. చెల్లుకు చెల్లు," అని సత్తెమ్మ అరటిపండు ఒలిచి దాని చేతిలో పెట్టింది. "తిను, మొహం పీక్కపోయింది."

బుధవారం పొద్దున్న వీర్రాజుగారు ఈ కథ విని కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు సీలింగ్ ఫాను చూశారు. హైందవి ఉద్యోగం ఆరు నెలల పరీక్ష మీద ఉంది. ఒకటో తారీఖున ఖాయం చేయాల్సిన కాగితం ఆయన సొరుగులోనే ఉంది, సంతకం ఒక్కటే బాకీ. ఆయన పాత ఫోటోలన్నీ వెనక్కి తిప్పారు. టార్పాలిన్ పడకముందు, తొమ్మిదేళ్ళ కిందటి ఫోటోలో చతురస్రం స్పష్టంగా ఉంది. తూర్పు అంచు లోపల నెలవంకలాగా నీడ. లోపల పడ్డ నీడ.

"చిన్నపిల్లాడు చెబుతాడమ్మా ఇది బావి అని," అన్నారు బాధగా.

సర్కారు ఆఫీసులో ఆఫీసరు వసుమతిగారికి ఫోను చేశారు. ఆవిడ మాట ఖరాఖండి. తొమ్మిదేళ్ళ కింద బావి ఉంటే ఉండొచ్చు, తర్వాత పూడ్చి షెడ్డు వేసుకుని ఉండొచ్చు. ఇప్పుడు ఉన్నట్టు ఇప్పటి ఫోటో కావాలి. చుట్టుపక్కల వాళ్ళ మాటా, ఫోన్లో తీసిన బొమ్మా చెల్లవు. ఎదురుగా వెళ్ళి తనిఖీ చేసే రోజుల్లో తనిఖీదారులు ఏ ఇంట్లో టీ తాగితే ఆ ఇంటి గోడ చట్టబద్ధం అయిపోయేదని, అందుకే పైనుంచి తీసిన ఫోటో తప్ప ఏదీ ఒప్పుకోకూడదని రూలు పెట్టుకున్నారట. "ఇంకోటి," అందావిడ. "ఫోటో తప్పు అని రాస్తే నెల రోజులు విచారణ. అందాక శనివారం పని ఆగదు. పేరు రాసుడుల తప్పు అయితే, రాసిన మనిషి కారణం రాసి సంతకం పెడితే, నేను అదే రోజు ఆపొచ్చు."

ఫోను పెట్టేసి వీర్రాజుగారు గొంతు తగ్గించారు. "అమ్మాయ్, నా మాట విను. మేఘం అడ్డొచ్చింది, ఫోటో సరిగ్గా కనపడలేదు అని రాద్దాం. నీకూ మాట రాదు, కంపెనీకీ రాదు. మేఘం మీద ఎవరూ కేసు వెయ్యరు."

"శనివారం మట్టి పోసేస్తారండి."

"తెలుసు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ పేరు మీద తప్పు ఒప్పుకుంటే ఆ ఆఫీసు వాళ్ళు నిన్ను పనిలోంచి తియ్యమంటారు. తియ్యనని నేను అనలేను. అదీ తెలుసుకో."

 నెలకి రెండుసార్లు ఫలానా చోటు ఫోటో తియ్యమని శాటిలైట్‌ని అడిగే హక్కు కంపెనీకి ఉంది. ఈ నెలది ఒకటి మిగిలింది. హైందవి దాన్ని వాడనివ్వమని మాత్రం అడిగింది. వీర్రాజుగారు నిట్టూర్చి అడిగించారు. గురువారం పది గంటల నలభై రెండు నిమిషాలకి తల మీదుగా వెళుతుందని జవాబు వచ్చింది. ఇంకేం, ఆ వేళకి లచ్చమ్మ నోరు తెరిచి ఉండాలి.

గురువారం పొద్దున సందంతా పెళ్ళివారిల్లు అయిపోయింది. తల్లి పంపిన కబురు అంది పోచయ్య మెదక్ నుంచి తెల్లారే బస్సుకి దిగి, బిల్లు వెనక తన రాత చూసుకుని తల పట్టుకున్నాడు. "గింత సాఫ్‌గ రాసిన గద మేడం," అన్నాడు. అది నిజమే, అంతకంటే సాఫ్‌గా ఎవరూ రాయలేరు. నలుగురూ కలిసి ఇటుకలు తీశారు, టార్పాలిన్ మడిచారు. ఇనుప జల్లెడ అలాగే ఉంచారు. కాలనీ వాళ్ళు దోమలన్నారు, పోచయ్య దోమల మందు డబ్బా చూపించాడు. సత్తెమ్మ పసుపు చీర కట్టుకుని, కొత్త కుండకి సున్నం బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, బోనం ఎత్తుకుని వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత నోరు తెరిచిన లచ్చమ్మకి మొదటి ముద్ద పెట్టకుండా ఎలా ఉంటుంది.

"గంత మీదికెళ్ళి నా బొట్టు కనిపిస్తదా బిడ్డా?"

"బొట్టు కనపడదు మామ్మగారూ. మీరు కనపడతారు, పసుపు చుక్కలాగా."

"జర పెద్ద చుక్క రానియ్యి," అని సత్తెమ్మ కొంగు రెండు వైపులా విప్పి పట్టుకుంది.

పదిన్నరకి పోచయ్య పైకి చూసి, "మొగులు పట్టింది," అన్నాడు. హైందవి వెంటనే నోట్‌బుక్ తీసింది. "మొగులు అంటే ఏంటి అన్నా?" ఈ రెండు రోజుల్లో అది తెలియని మాటకల్లా అర్థం అడగడం నేర్చుకుంది. "మొగులంటే మబ్బు మేడం," అన్నాడు పోచయ్య. హైందవి రాసుకుని, పైకి చూసి, పెన్ను వదిలేసింది. పంజాగుట్ట వైపు నుంచి బూడిద రంగు మబ్బు ఒకటి, ట్రాఫిక్‌లో ఆర్టీసీ బస్సులాగా, తీరిగ్గా కదిలి వస్తోంది. మబ్బు ఫోటో వస్తే వీర్రాజుగారి కాగితమే నిజమవుతుంది. మేఘం అడ్డొచ్చింది.

పది నలభై. మబ్బు నీడ ఎదురు మేడ మీద పడింది. సత్తెమ్మ బోనం నెత్తిన పట్టుకుని మబ్బుని తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు రాయనుగానీ, అవి తగిలితే వానాకాలం అంతటితో ఆగిపోవాలి. పది నలభై రెండు. ఆకాశంలో ఏమీ కనపడలేదు, ఏమీ చప్పుడవలేదు. అందరూ మెడలు విరిగేలా పైకే చూస్తున్నారు. కాసేపటికి మబ్బు నీడ వచ్చి మంటపాన్ని కప్పేసింది. అది ఫోటో తీశాక వచ్చిందో, తియ్యకముందే వచ్చిందో ఎవరికీ తెలియదు.

సాయంత్రం ఆరింటికి ఫోటో దిగింది. సగం పంజాగుట్ట లేదు. ఫ్లైఓవర్ మబ్బులోకి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. మౌస్ వీర్రాజుగారే పట్టుకుని బల్కంపేట వైపు జరిపారు. మబ్బు అంచు, ఎదురు మేడ, మంటపం. దాని పక్కన చతురస్రం. తూర్పు అంచు లోపల నల్లని నెలవంక, దక్షిణం వైపు సన్నటి మెట్ల గీతలు. గట్టున రంగురంగుల చుక్కలు. అందులో ఒక పసుపు చుక్క మిగతావాటికంటే బాగా వెడల్పుగా ఉంది.

"కొంగు విప్పి పట్టుకున్నారండి," అంది హైందవి. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలియలేదు.

శుక్రవారం వసుమతిగారి గది బయట బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. హైందవి ఒళ్ళో ఫోటో, సవరణ ఫారం. వీర్రాజుగారి జేబులో మేఘం కాగితం, మడత పెట్టి. సత్తెమ్మ చేతిలో మూత పెట్టిన రాగి చెంబు. లోపలి నుంచి బంట్రోతు వచ్చి పిలిచాడు.

"లచ్చమ్మ బాయి ఎవరు? హాజరేనా?"

"హాజరే," అని సత్తెమ్మ లోపలికి నడిచి, చెంబుని వసుమతిగారి ఫైళ్ళ మధ్య పెట్టి, మూత తీసింది. "స్వయంగ రమ్మన్నరు గద. వచ్చింది."

వసుమతిగారు చెంబులో నీళ్ళు చూసింది, సత్తెమ్మని చూసింది. నవ్వలేదు. ఫోటో తీసుకుని కిటికీ దగ్గర పెట్టి చూసింది. తర్వాత సవరణ ఫారం కోసం చెయ్యి చాపింది. వీర్రాజుగారి చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఈలోగా హైందవి తన కాగితం ఇచ్చేసింది.

"తప్పుకు కారణం" అన్న గడిలో మూడు వాక్యాలున్నాయి. "బాయి అంటే బావి అని నాకు తెలియదు. రాసిన మనిషిని అడిగాక పంపాల్సింది, ఆగలేదు. నీడ కూడా చూడలేదు." కింద పేరు, సంతకం.

వసుమతిగారు అది రెండుసార్లు చదివింది. ఫైలు తిరగేసి నోటీసు నకలు బయటికి తీసింది.  హైందవికి ముమ్మిడివరం బస్సు కళ్ళ ముందు కదిలింది.

"గీ నోటీసు మీద సంతకం ఎవరిది?"

"మీదేనండి," అంది హైందవి చిన్న గొంతుతో.

"నాదే." ఆవిడ నకలుని బల్ల మీద పెట్టి వేలితో నొక్కింది. "మాది సిద్దిపేట దిక్కు. మా ఇంట్ల అందరం బాయే అంటం. నేను ఈత నేర్చింది మా పెద్దబాయిల. గీ కుర్చీల కూసున్నంక బావి అనుడు నేర్చిన." నకలుని హైందవి వైపు తిప్పింది. "లచ్చమ్మ బాయి అని పేరు కనిపిస్తనే ఉన్నది. చదవకుంటనే సంతకం పెట్టిన."

ఆవిడ పెన్ను తీసి, హైందవి సంతకం కింద, అదే గడిలో తానూ ఒక వాక్యం రాసింది. "బాయి అంటే బావి అని నాకు తెలుసు." సంతకం పెట్టి, తారీఖు వేసి, ముద్ర కొట్టింది. పని ఆపమని అప్పటికప్పుడు ఫోను చేసింది. తర్వాత చెంబు రెండు చేతులతో అందుకుంది.

"తాగకు బిడ్డా," అంది సత్తెమ్మ. "ఎనిమిదేండ్లు మూసిన నీళ్ళు. కండ్లకద్దుకో, చాలు."

వసుమతిగారు వేళ్ళు ముంచి కళ్ళకద్దుకుంది. ఆ కళ్ళలో మెరిసినవి అద్దుకున్న నీళ్ళో, వేరే నీళ్ళో నేను చెప్పను.

మెట్లు దిగుతూ వీర్రాజుగారు జేబులోంచి మేఘం కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు. "ఇద్దరి తప్పు అని ఆవిడే రాసిచ్చాక నిన్ను తియ్యమని ఎవరంటారమ్మా," అన్నారు. "సోమవారం పొద్దున్నే వచ్చి ఆ సొరుగులో కాగితం గుర్తు చెయ్యి, మరిచిపోతాను." తర్వాత ఇంకో రెండు మెట్లు దిగి, "అసలు కాకినాడ నుంచి వచ్చి పాతికేళ్ళయింది, నాకూ ఆ బిల్లు చూపిస్తే ఆవిడకి పింఛను రాయించేవాణ్ణే," అని ఒప్పుకున్నారు.

హైందవి ఆ మధ్యాహ్నమే జాబితా తెరిచింది. నివాసుల పట్టికలోంచి లచ్చమ్మ బాయిని తీసి కట్టడాల పట్టికలో పెట్టింది. వయసు దగ్గర రెండు వందలు అని కొడితే ఫారం ఈసారి నోరెత్తకుండా ఒప్పుకుంది. చివర "ప్రస్తుత స్థితి" అన్న గడి మిగిలింది. పోచయ్య తెచ్చిచ్చిన బిల్లుని కంప్యూటరుకి ఆనించి పెట్టుకుని, ఒక్క మాట మాత్రం మార్చి, అతను రాసినట్టే కొట్టింది.

"నోరు తెరిచిన్రు. లోపల మంచిగుంది."